అష్టావధానమున అప్రస్తుత ప్రసంగము - స్వరూపము, శాస్త్రసంబంధము

అష్టావధాన సభకు వచ్చిన సామాజికులు అన్నిటికంటె ఎక్కువగా ఎదురుచూచు అంశము అప్రస్తుత ప్రసంగము. అవధానమును గూర్చి వ్రాసిన విమర్శకులు అన్నిటికంటె తక్కువగా పట్టించుకొన్న అంశమును అదియే. సమస్యాపూరణములకు సంకలనములు వెలువడినవి. దత్తపదులను, నిషిద్ధాక్షరులను ఛందోదృష్టితో పరిశీలించినవారు కలరు. అప్రస్తుత ప్రసంగమును గూర్చి మాత్రము "సభారంజనార్థము" అని ఒక్క మాట వ్రాసి ముందునకు సాగుట వాడుక. ఆ మాట సగమే సత్యము. రంజనము దాని ఫలములలో ఒకటి. అది ఒక పరీక్ష యను సంగతి నవ్వులలో మరుగున పడినది. ఆ పరీక్ష ఎట్టిదో, ప్రాచీన శాస్త్రములతో దానికి గల చుట్టరికమెట్టిదో వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

అష్టావధానమున ఎనిమిది అంశము లేవి యను విషయమున ఏకరూపత లేదు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, ఆశువు అనునవి సాధారణముగ ఉండును. పురాణపఠనము, వ్యస్తాక్షరి, ఘంటాగణనము, పుష్పగణనము, వారగణనము, చదరంగము మొదలగువానిలో కొన్ని అవధాని అభిరుచిని బట్టియు, నిర్వాహకుల కోరికను బట్టియు చేరుచుండును. నేటి సభలలో అప్రస్తుత ప్రసంగము లేని అష్టావధానము మాత్రము అరుదు. కన్నడదేశమున జరుగు అష్టావధానములలోను ఈ అంశము ఈ పేరుతోనే నడచుచున్నది. వాత్స్యాయనుడు కామసూత్రములలో పేర్కొన్న చతుష్షష్టి కళలలో కావ్యసమస్యాపూరణము, ధారణమాతృక, మానసీ కావ్యక్రియ అనునవి కలవు. అవధానవిద్యకు మూలములు వెదకువారు వీనిని చూపుదురు. అప్రస్తుత ప్రసంగమునకు ఆ పట్టికలో పేరు లేదు. దాని బంధువులను మరియొక చోట వెదకవలసియున్నది.

పేరును గూర్చి ముందుగ ఒక మాట చెప్పవలెను. విద్యార్థులు దీనిని అప్రస్తుతప్రశంసాలంకారముతో కలగలుపుట కలదు. అలంకారమునందు కవి అప్రస్తుతమును వర్ణించును, దానిచే ప్రస్తుతము స్ఫురించును. ఒంటికాలిపై నిలిచిన కొంగను వర్ణించినచో కపటతపస్వి తోచును. అవధానమున ప్రస్తుతమనగా అవధాని చిత్తమున నడచుచున్న పద్యము. ఇచట అప్రస్తుతము దానిని స్ఫురింపజేయుటకు రాదు, చెరపుటకే వచ్చును. అయినను మిక్కిలి మేలైన సమాధానము దొరకినపుడు ఈ రెండును ఒకటియగుట గలదు. దానిని తరువాత చూతము.

ఈ అంతరాయము ఎంతటిదో తెలియవలెనన్నచో పద్యరచన సాగు తీరును తలచుకొనవలెను. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి అను నాలుగు అంశములకు నాలుగు పద్యములు. సాధారణ పద్ధతిలో అవధాని ఏ పద్యమును ఒక్కమారుగ ముగింపడు. మొదటి ఆవృత్తిలో నాలుగింటికిని మొదటి పాదములు, రెండవ ఆవృత్తిలో రెండవ పాదములు, ఇట్లు నాలుగు ఆవృత్తులలో 16 పాదములు పూర్తియగును. తుదకు ధారణ. అప్పుడు నాలుగు పద్యములను తడబాటు లేక అప్పగింపవలెను. కావున మొదటి ఆవృత్తి మొదలుకొని నాలుగవది ముగియువరకు అవధాని అసంపూర్ణములైన నాలుగు పద్యములను మోయుచుండును. ఒక్కొక్కదానికి ఛందస్సు వేరు, ప్రాసాక్షరము వేరు, విషయము వేరు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుగున ఒక అక్షరమును వారించుచు, తలచుకొన్న పదమును తలయెత్తనీయడు. ఇట్టి వేళ ప్రక్కనుండి "అవధానిగారూ!" అను పిలుపు వినవచ్చును. తక్కిన పృచ్ఛకులు సంచాలకుడు పిలుచువరకు తమ వంతునకై ఆగవలెను. అప్రస్తుత ప్రసంగికి వంతు లేదు, వరుస లేదు. సభామర్యాదలో ఇతరులకు దోషమైనది ఆయనకు అధికారము.

ఘంటానాదములను లెక్కించుటయు కఠినమైనదే. కాని గంట మాటలాడదు. దాని లెక్క చిత్తమున ఒక మూలను ఆక్రమించును, పద్యము నడచు త్రోవకు అడ్డు తగులదు. అప్రస్తుత ప్రశ్న పద్యము నడచు త్రోవలోనే అడ్డముగ వచ్చి నిలుచును. అది మాటలతో, అర్థముతో వచ్చును. దానికి మరల మాటలతోనే, వెనువెంటనే, నవ్వు పుట్టునట్లు బదులు చెప్పవలెను. పైగా పద్యము గ్రాంథికమున నడచును, ఈ సంభాషణ ఇంటి భాషలో నడచును. అవధాని ఉత్పలమాల నడుమనుండి వాకిటి ముచ్చటకు దిగి, ఆ ముచ్చట ముగియగనే దిగిన గణమువద్దనే మరల ఎక్కవలెను. చూచుటకు మిక్కిలి తేలికయైన ఈ అంశము ధారణకు మిక్కిలి బరువైనదని నా అభిప్రాయము.

ఇక ఉదాహరణములు. ఈ వ్యాసమునందలి ప్రశ్నోత్తరములు ఏ సభనుండియు గ్రహించినవి కావు, లక్షణము తెలియుటకై నేను కల్పించినవి. అవి వ్యవహారమున నడచునవి గనుక వ్యవహారముననే వ్రాసితిని. ఇందు ఎక్కువ ప్రశ్నలు సలహా అడుగు రూపమున ఉండుట గమనింపదగినది. పృచ్ఛకుడు తన యింటి కష్టము నొకదానిని సభలో పెట్టి తరుణోపాయ మడుగును.

"అవధానిగారూ, మా అబ్బాయికి లెక్కల పరీక్షలో సున్న వచ్చిందండీ. ఏం చేయమంటారు?"

"నిండుసున్నా, అరసున్నా?"

"నిండుసున్నేనండీ."

"మరి దిగులెందుకు? వ్యాకరణంలో దాన్ని పూర్ణబిందువంటారు. మీవాడు పూర్ణుడు. అరసున్న వచ్చిననాడు నా దగ్గరకు తీసుకురండి."

ఈ సలహావలన ఆ బాలునకు కలుగు మేలు ఏమియు లేదు. ప్రశ్నించినవాడు సంఖ్యను ఉద్దేశించెను, చెప్పినవాడు అనుస్వారమును గ్రహించెను. వక్త ఉద్దేశింపని అర్థమును కల్పించి అతని మాటను త్రిప్పుట యను ఈ ప్రక్రియను మన శాస్త్రకారులు చిరకాలము క్రిందటనే గుర్తించి, పేరు పెట్టి, నిందించిరి.

గౌతముని న్యాయసూత్రములలో ప్రథమాధ్యాయ ద్వితీయాహ్నికమున ఛలము నిరూపింపబడినది. అది వాక్ఛలము, సామాన్యచ్ఛలము, ఉపచారచ్ఛలము అని త్రివిధము. వాక్ఛలమునకు భాష్యకారుడు చూపిన దృష్టాంతము ప్రసిద్ధము. క్రొత్త కంబళి కప్పుకొన్నవానిని ఒకడు నవకంబళుడనును. ప్రతివాది 'నవ' శబ్దమునకు తొమ్మిది యను నర్థమును గ్రహించి, ఉన్నది ఒక్క కంబళియే గదా, తొమ్మిది యెక్కడివని ఆక్షేపించును. మంచెలు అరచుచున్నవనగా మంచెలమీది మనుష్యులు అరచుచున్నారని లోకము గ్రహించును. ఛలవాది మాత్రము కొయ్య యెట్లు అరచునని అడుగును. ఇది ఉపచారచ్ఛలము.

చరకసంహిత విమానస్థానమున అష్టమాధ్యాయములో వైద్యులు తమలో తాము చేయు సంభాషావిధి వివరింపబడినది. అచట ఛలము రెండు విధములే. ఉదాహరణములు మాత్రము వైద్యుల నోటివి కాబట్టి ఇంకను రుచిగ నున్నవి. ఒకనిని నవతంత్రుడని, అనగా క్రొత్తగ శాస్త్రము నభ్యసించినవాడని అనగా, అతడు తనకు తొమ్మిది తంత్రములు రావని, ఒక్కటియే వచ్చునని బదులు చెప్పును. సామాన్యచ్ఛలమునకు చూపినది విచిత్రతరము. ఔషధము వ్యాధిని శమింపజేయునని ఒకడు చెప్పును. రెండవవాడు దానిని, ఉన్నది ఉన్నదానిని శమింపజేయునని మార్చుకొనును. దగ్గు ఉన్నది, క్షయయు ఉన్నది, కావున నీ మతమున దగ్గు క్షయకు మందు కావలెనని నిగమనము చేయును. నేటి సభలో అప్రస్తుత ప్రసంగి యొకడు లేచి క్షయకు మందేదని అడిగినచో, అవధాని ఈ వాదమునే తెలుగు చేసి చెప్పవచ్చును. సభ నవ్వక మానదు. చరకుని కాలపు వైద్యులు మాత్రము దానిని సంభాషలో తెలిసికొని పరిహరింపవలసిన దానిగ నేర్చుకొనిరి.

ఛలము వాదమున దోషము. తత్త్వనిర్ణయము ఫలముగ గల వాదమున దానికి చోటు లేదు, జయాపేక్ష గల జల్పమునందే దానికి ప్రవేశము. అదే ఛలము అవధాన సభలో గుణమెట్లయ్యెను? వాదమున ఛలము పనిచేయవలెనన్నచో ఎవడో ఒకడు మోసపోవలెను, ప్రతివాదియో మధ్యస్థుడో సభ్యులో. అవధానమున మోసపోవువాడు లేడు. ప్రశ్నించువానికిని, చెప్పువానికిని, వినువారికిని అసలైన అర్థము ముందే తెలియును. తెలిసియు దానిని ప్రక్కకు త్రోసి, రెండవ అర్థమును క్షణకాలము రాజును చేయుదురు. వంచన తొలగినంతనే ఛలము వక్రోక్తి యగును. రుద్రటుడు వక్రోక్తిని శ్లేషవక్రోక్తి, కాకువక్రోక్తి అని రెండుగ విభజించెను. మమ్మటుడు దానిని శబ్దాలంకారములలో చేర్చెను. నైయాయికుడు కొట్టివేసిన దానిని ఆలంకారికుడు చేరదీసెనని చెప్పవచ్చును. ప్రక్రియలో భేదము లేదు, సభలో భేదమున్నది.

కాకువక్రోక్తి గ్రంథమున తేలదు. "మీ పద్యం వినడానికి ఇంత దూరం వచ్చాను" అని పృచ్ఛకుడు నిట్టూర్చగా, "నేనూ మీ ప్రశ్న వినడానికే ఇంత దూరం వచ్చానండీ" అని అవధాని అనినచో, అచ్చులో నది మర్యాదవలె కనబడును. కంఠస్వరమునందే దాని పదును కలదు.

ఉపచారచ్ఛలమునకు ఒక ఉదాహరణము.

"అవధానిగారూ, మీ పద్యాలు నా తలకెక్కడం లేదండీ. ఉపాయం చెప్పండి."

"ముందు ఆ తలపాగా తీసి కూర్చోండి."

ఈ సమాధానము తలపాగా చుట్టుకొన్న పృచ్ఛకునిపట్ల మాత్రమే చెల్లును. తలపాగా లేనివానికి చెప్పినచో మాట వ్యర్థము. ఇది చిన్న సంగతి కాదు. సమాధానము సభలో అందరి కంటికి కనబడు ఒక వస్తువును పట్టుకొన్నపుడు, అది ఇంటినుండి తెచ్చుకొన్నది కాదని సభకు ప్రత్యక్షముగ తెలియును. సమస్యాపూరణములో పూర్వరచనాశంకకు అవకాశముండవచ్చును, ఇట్టి సమాధానములో ఆ శంక నిలువదు.

ఇక రూపకశాస్త్రము. ధనంజయుడు దశరూపకమున తృతీయప్రకాశములో వీథికి 13 అంగములు చెప్పెను. వానిలో సగమునకు పైగా సంభాషణలోని చమత్కారభేదములే. అసంబద్ధమైన మాటల వరుస అసత్ప్రలాపము. గూఢార్థముతో పరిహాసముగ నడచునది నాలిక. ఒకరినొకరు మాటలలో మించుట అధిబలము. తాను చెప్పిన మాటకే వేరొక వ్యాఖ్యానము చేసికొని తప్పించుకొనుట అవస్యందితము. దోషములను గుణములుగ, గుణములను దోషములుగ నిరూపించుట మృదవము. సున్న వచ్చిన బాలుని పూర్ణుని చేయుట మృదవమునకు చక్కగ సరిపోవును.

ఈ పదమూడింటిలో అప్రస్తుత ప్రసంగమునకు మిక్కిలి సన్నిహితమైనది గండము. వేరొక అర్థము గలదై, హఠాత్తుగ పలుకబడి, ఐనను ప్రస్తుతముతో సంబంధము కలిగిన మాట గండము. అవధానమున ఉత్తమ సమాధానమునకు ఇంతకంటె మంచి లక్షణమును నేను చూడలేదు. వర్ణనాంశమున గజేంద్రమోక్షము నడచుచున్నదనుకొందము. రెండు పాదములు పూర్తియైనవి, మొసలి ఏనుగు కాలు పట్టినది, ఇంకను విష్ణువు బయలుదేరలేదు.

"అవధానిగారూ, నాకు ఏనుగును పెంచుకోవాలని కోరిక. ఇంట్లో కట్టుకోవచ్చంటారా?"

"తప్పకుండా కట్టుకోండి. చెరువుకు మాత్రం తోలుకెళ్ళకండి. స్వామికి ఇప్పటికే ఒక పని ఉంది."

ఇచట పృచ్ఛకుడు వర్ణనాంశమునుండియే ఏనుగును తీసి తన ప్రశ్నకు కట్టివేసెను. అవధాని దానిని విప్పి మరల తన చెరువునకే తోలుకొనివచ్చెను. చెరపుటకు వచ్చిన అప్రస్తుతమే ప్రస్తుతమును స్ఫురింపజేసినది. సభ నవ్వుచునే, విష్ణువు ఇంకను రావలసియున్నాడని జ్ఞాపకము చేసికొన్నది. మూడవ పాదమునకు త్రోవ పడినది. అప్రస్తుత ప్రసంగమును, అప్రస్తుతప్రశంసయు కలిసికొనునని పైన చెప్పినది ఇట్టి స్థలమును గూర్చియే. ఇది అరుదు. ఒక సభలో ఒక్కటి దొరకినను ఆ సభ ధన్యము.

వీథ్యంగములు పద్ధతిని తెలుపును. పాత్రలను తెలిసికొనుటకు భరతుని వద్దకు పోవలెను. నాట్యశాస్త్ర పంచమాధ్యాయమున పూర్వరంగమునకు 19 అంగములు చెప్పబడినవి. వానిలో తుదిదైన ప్రరోచనకు ముందుండునది త్రిగతము. సూత్రధారుడు, పారిపార్శ్వికుడు, విదూషకుడు అను మువ్వురు ఇందు సంభాషింతురు. విదూషకుడు పొంతన లేని మాటలాడి సూత్రధారునకు చిరునవ్వు తెప్పించును. అంతకు ముందు నడచినవి నాంది మొదలైన గంభీరవిధులు, తరువాత జరుగవలసినది కావ్యప్రస్తావము. ఈ రెంటి నడుమ శాస్త్రకారుడే అసంబద్ధమునకు చోటు కేటాయించెను. దీనినుండియే అవధానములోని అంశము పుట్టినదని చెప్పను. నడుమ గొలుసు లేదు. గంభీరమైన సభాకార్యములో ఒక అసంబద్ధవక్తకు అధికారమిచ్చుట మనకు క్రొత్తది కాదని మాత్రము చెప్పవచ్చును.

కేరళదేశమున కూడియాట్టమునందు ఈ అధికారము మహావృక్షమైనది. 2001లో యునెస్కో గుర్తింపు నొందిన ఈ సంస్కృతనాట్యమున విదూషకుడు మలయాళభాషలో సభతో మాటలాడును. పురుషార్థములను ఉపదేశించు సందర్భమున, ధర్మాదులకు బదులుగ వినోదము, వంచనము, అశనము, రాజసేవ అను నాలుగింటిని నిలిపి, వానిని సాధించు మార్గములను రాత్రులకొలది బోధించును. విందుభోజనము జీవితపరమార్థమని శాస్త్రఫక్కిలో నిరూపించు ఆ సలహాలను వినుటకే జనులు వచ్చుట కలదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కథను ఆపి నవ్వించుటయు, బుర్రకథలో హాస్యపు వంత కథకుని మాటకు అడ్డుతగులుటయు ఈ జాతివే. కాని ఒక భేదమున్నది. విదూషకుడును, కేతిగాడును, వంతయు అదే మేళమునకు చెందినవారు. వారు ఆపవలసిన చోట ఆపుదురు. అప్రస్తుత ప్రసంగి అవధాని మేళమువాడు కాడు. అతడు పరీక్షకుడు. విదూషకుని వేషము వేసికొన్న ప్రాశ్నికుడు అని చెప్పినచో సరిపోవును.

ఈ భేదమును మరచుటవలననే నేడు ఈ అంశము చెడుచున్నది. ప్రశ్నోత్తరములను ముందుగ కూడబలుకుకొని వచ్చిన సభలు కలవు. అట్టిచోట నవ్వు వచ్చును గాని పరీక్ష జరుగదు. పృచ్ఛకుడు మేళములో కలిసిపోయినాడన్నమాట. కొందరు పృచ్ఛకులు ప్రశ్న యను పేర అర్ధఘడియ ఉపన్యసింతురు. అది అవధానికి విశ్రాంతి. ఆ లోపల ఆయన తరువాతి పాదమును నెమ్మదిగ కూర్చుకొనును. ప్రశ్న చిన్నదైనకొలది పరీక్ష పెద్దది.

భార్యను గూర్చిన పరిహాసము వేరొక వ్యాధి. "మా ఆవిడ బంగారం కొనమంటోంది" అను ప్రశ్నయు, ఆమెనే 'బంగారం' అని పిలువుమను సమాధానమును వినని అవధానప్రియులు ఉండరు. చెప్పువారికి సులభము, వినువారికి పరిచితము, రెండవమారు విన్ననాడు నిస్సారము. సభలో సగము స్త్రీలున్నపుడును, పృచ్ఛకులలో విదుషీమణులున్నపుడును అవే మాటలు వినవచ్చుట మరింత విచారకరము. ఇంటి కష్టములు వేయి కలవు. ఆలోచనకు బద్ధకించినవారికే ఒక్కటి కనబడును.

వ్యక్తిగతనిందను గూర్చి కొంత ఎక్కువ చెప్పవలసియున్నది. చాలకాలము క్రిందట నేను చూచిన ఒక సభలో అప్రస్తుత ప్రసంగిగ కూర్చున్నవారు వృద్ధులు, తల నెరసి జుట్టు రాలినవారు. మొదటి ప్రశ్నకే అవధాని ఆయన బట్టతలను గూర్చి ఒక మాట విసరెను. సభ గొల్లుమన్నది. ఆయనయు నవ్విరి. తరువాత మూడు ఆవృత్తులలో ఆయన అడిగిన ప్రశ్నలు రెండో మూడో, అవియు చప్పగ నుండెను. ఆ దినమున ధారణ అద్భుతముగ జరిగినదని అందరును మెచ్చుకొనిరి. జరుగదా మరి? అడ్డగింపవలసినవాని నోరు మొదటనే మూయబడినది. భరతుడు హాస్యమును స్మితము మొదలు అతిహసితము వరకు ఆరు భేదములుగ చెప్పి, మొదటి రెంటిని ఉత్తమప్రకృతులకును, తుది రెంటిని అధమప్రకృతులకును విధించెను. ఆనాడు సభకు దక్కినది తుదిజత. నేనును నవ్వితినని ఒప్పుకొనక తప్పదు.

అయినచో అవధాని పృచ్ఛకుని పరిహసింపరాదా? పరిహసింపవచ్చును. పరిహాసము అతడు కూర్చున్న స్థానమునకు తగులవలెను గాని శరీరమునకు తగులరాదు.

"అవధానిగారూ, పృచ్ఛకుడికీ పుచ్చకాయకీ తేడా ఏమిటండీ?"

"పుచ్చకాయ సంగతి కోసిన తర్వాత తెలుస్తుంది. పృచ్ఛకుడి సంగతి కూసిన తర్వాత తెలుస్తుంది."

ఇందును కారము కలదు. కాని ప్రశ్నను తెచ్చినవాడు పృచ్ఛకుడే, కత్తి ఆయన యిచ్చినదే. కోయు, కూయు అను రెండు ధాతువుల నడుమ ఒక అచ్చు మారుటచే సమాధానము సిద్ధించినది. ఇది ఏ పృచ్ఛకునికైనను చెల్లును, ఏ ఒక్కనిని గాయపరుపదు. తరువాతి ప్రశ్నను మరింత వాడిగ అడుగుమని అతనిని రెచ్చగొట్టును గూడ.

ఈ అంశము సామాజికుల సంఖ్యను పెంచిన తీరును గమనింపవలెను. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870-1950) సంస్థానములలోను పట్టణములలోను శతావధానములు, అష్టావధానములు సలిపి ఈ విద్యను లోకమునకు చేరువ చేసిరి. నాటినుండి నేటివరకు సభలు విస్తరించినకొలది, యతిప్రాసలు తెలియని శ్రోతలు వచ్చి కూర్చుండుట పెరిగినది. నిషిద్ధాక్షరిలోని కష్టమును వారికి ఇంకొకరు చెప్పవలెను. అప్రస్తుత ప్రసంగములోని కష్టమును ఎవరును చెప్పనక్కరలేదు. తమ యింటి భాషలో, తమ యింటి కష్టమును గూర్చి అడిగిన ప్రశ్నకు బదులు ఎంత శీఘ్రముగ వచ్చినదో వారు తామే కొలువగలరు. పండితుడును పామరుడును సమానముగ తీర్పు చెప్పగల అంశము అవధానమున ఇది యొక్కటియే.

విదేశాంధ్రుల సభలలో ఇది మరింత స్పష్టము. ఉత్తర అమెరికా తెలుగు సంఘపు తొలి మహాసభ 1977లో జరిగినది. తరువాతి కాలమున అచటి తెలుగువారి మహాసభలలో అవధానములకును చోటు దొరకినది. అట్టి సభలో ఇట్టి ప్రశ్న రావచ్చును.

"మా పిల్లవాడు తెలుగులో మాట్లాడడండీ. ఏం చేయాలి?"

"మీ దంపతులు వాడి ముందే తెలుగులో గుసగుసలాడండి. మధ్యమధ్య వాడి పేరు మాత్రం పలకండి. వారంలో నేర్చుకుంటాడు."

దీనిని హాస్యోక్తి యని నవ్వి ఊరకుండువారికంటె, ఇంటికి పోయి ప్రయత్నించువారే ఎక్కువ ఉందురేమో. వినోదార్థము చెప్పిన సలహాలో కార్యసిద్ధి కలుగుట ఈ అంశమునకు నిషిద్ధము కాదు.

తుదకు గ్రంథస్థీకరణమును గూర్చి. అవధాన సంపుటములలో పద్యములు అచ్చుపడును, అప్రస్తుత ప్రసంగము అచ్చుపడదు. అచ్చుపడినను "ఒక పృచ్ఛకుడు ఇట్లు అడిగెను, అవధాని ఇట్లు చెప్పెను" అని చాటువువలె విడిగ అచ్చుపడును. సందర్భము పోయిన తరువాత గజేంద్రుడు లేని ఏనుగు మిగులును. ఏ ఆవృత్తిలో, ఏ పద్యమున ఎన్నవ పాదము నడచుచుండగ ప్రశ్న వచ్చినది, సమాధానము తరువాత అవధాని విడిచినచోటనే అందుకొనెనా, పృచ్ఛకుని వేషమేమి, ఎదుట ఏ వస్తువులున్నవి అను సంగతులను ప్రశ్నోత్తరముతో కలిపి వ్రాసినపుడే అది పరిశోధనకు పనికివచ్చును. ధ్వనిముద్రణములు, దృశ్యముద్రణములు నేడు సులభములైనవి గాని, వానిని విని సందర్భసహితముగ వ్రాసి పెట్టు పని వానివలన జరుగదు. ప్రాచ్యకళాశాలల విద్యార్థులకు ఒక్కొక్క అవధానమును ఇట్లు వ్రాయు పనిని అభ్యాసముగ ఈయవచ్చును. అలంకారశాస్త్రపు పాఠములో వక్రోక్తికి క్రొత్త ఉదాహరణములు దొరకును, న్యాయపాఠములో నవకంబళునకు తోడు దొరకును.

నేను విద్యార్థిగ నున్నపుడు ఒక అష్టావధానమును వ్రాసికొన్న పుస్తకము ఇంకను నా యొద్ద కలదు. నాలుగు పద్యములును తప్పులేక ఉన్నవి. మూడవ ఆవృత్తివద్ద అంచున సన్నని అక్షరములతో "ఇచట అప్రస్తుత ప్రసంగము, సభ చాలసేపు నవ్వినది" అని వ్రాసియున్నాను. పృచ్ఛకుడు అడిగినదేమో, అవధాని చెప్పినదేమో వ్రాసికొనలేదు.